ఎర్రచుక్క బంతి

మొన్న జనగామలో పొద్దున్నే పేపరు విప్పితే, మడతలోంచి నున్నటి రంగుల కాగితం ఒకటి జారి ఒళ్ళో పడింది. హైదరాబాదు రోడ్డు మీద కొత్తగా వేస్తున్న వెంచరు తాలూకు ప్రకటన అది. ఇళ్ళ మధ్యలో పచ్చటి తివాచీ పరిచినట్టు గోల్ఫు మైదానం, దాని మీద తెల్లబట్టలు వేసుకుని నవ్వుతున్న భార్యాభర్తలు. ఎక్కడా ఒక రాయి లేదు, ఒక ముల్లు లేదు. బొమ్మ అంత నున్నగా ఉంటే వెనక ఏదో ఉందని అనుమానించడం నాకు మొదటినుంచీ అలవాటు. మా ఆవిడ దాన్ని జబ్బు అంటుంది. ఈసారి మాత్రం అనుమానం కంటే ముందు నవ్వొచ్చింది. నేను మొదటిసారి గోల్ఫు ఆడిన చోట గడ్డి మేకలకు కూడా చాలేది కాదు మరి.

మాది నర్సింహులపేట దగ్గర ఒక తండా. బూట్లు తొడుక్కుని చేసే ఉద్యోగం మా తండాలో మొదట నాకే వచ్చింది. భూపాలపల్లి వైపు, ఘనపూర్ దాటాక అడవి అంచున, రెండు గుట్టల మధ్య పెద్ద కట్ట కడుతున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో సైటు ఇంజినీరుగా చేరాను. రేకుల ఇళ్ళ కాలనీ, ఎటు చూసినా ఎర్రమట్టి, కొత్తగా పెళ్ళైన మేము. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అది ఖాయం చేయాల్సిన మనిషి పెద్దసారు, ఆయన చెవిలో చెప్పాల్సిన మనిషి డిప్యూటీసారు. ఇద్దరూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళే.

పెద్దసారుకి గోల్ఫు పిచ్చి. రైతులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన పొలాలు, కట్ట పూర్తయితే ఎలాగూ నీళ్ళ కింద పోతాయి కదా అని, వాటిలో బంతి వేయాల్సిన గుంటలు తొమ్మిదితో ఒక కోర్సు వేయించుకున్నాడు. పొలం గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పాడుబడ్డ బావి, చెదపుట్టలు, తుమ్మకంప, నడుమ ఒక వాగు. బంతి చివరికి చేరే చోట లేతగడ్డి పెంచడం పద్ధతి అట. మా దగ్గర ఇసుకలో కాలిన ఇంజన్ ఆయిలు కలిపి, చదును చేసి, నల్లటి వలయాలు గీశారు. మిగతా గుంటల సంగతి అలా ఉంచి, ఆరోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా భుజాలు బిగుసుకుంటాయి. బంతిని వాగు దాటించి, అవతలి రాళ్ళగుట్ట మీదికి ఎక్కించాలి. జర కుడికి పోతే తుమ్మకంప, ఎడమకు పోతే బావి. పట్నాల్లో ఆడి వచ్చిన అతిథులు కూడా అక్కడ చేతులెత్తేసేవారు. పెద్దసారు బంతి మాత్రం అక్కడ ఎన్నడూ పోలేదని కాలనీలో గొప్పగా చెప్పుకునేవారు.

అలాంటి ఆటకు ఒక ఆదివారం రమ్మని నాకు కబురొచ్చింది. నాకంటే పైవాళ్ళు బోలెడుమంది ఉండగా నన్నెందుకు పిలిచినట్టు? ఇంట్లో మేము మా తండా భాషే మాట్లాడుకుంటాం. సంగతి గట్టిదైతే మాత్రం మా ఆవిడ తెలుగులోకి దిగుతుంది. ఆ రోజు దిగింది.

“పెద్దోళ్ళు ఊకెనే పిలుస్తరా? మీటింగుల ఏమన్న నోరు జారినవా?”

జారానేమో. అంతకు ముందువారం మీటింగులో, కట్ట మీద ఫలానా చోట మట్టి సరిగా గట్టిపడిందా అని పెద్దసారు అడిగితే, అందరూ వరసగా బాగుంది సార్, బాగుంది సార్ అన్నారు. నేను అటువైపు వెళ్ళనే లేదు. నా వంతు వచ్చేసరికి, “నేను పోయి చూడలే సార్, చెప్పలేను” అనేశాను. బల్ల కింద డిప్యూటీసారు నా కాలు తొక్కాడు. పెద్దసారు నావైపు ఒక్క క్షణం చూసి, మరో విషయంలోకి వెళ్ళిపోయాడు. ఆ చూపుకీ ఈ పిలుపుకీ ఏదో లంకె ఉందని, నలుగురిలో నవ్వులపాలు చేసి పంపించడానికే ఇదంతా అని తీర్మానించుకుని, పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చుకున్న కాన్వాసు బూట్లతో బయలుదేరాను.

నలుగురు లేరు. మేము ముగ్గురమే ఉన్నాం. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. పెద్దసారు కర్రల సంచిని డిప్యూటీసారే తన భుజాన వేసుకున్నాడు. నా మొదటి దెబ్బకు బంతి కదల్లేదు గానీ దుమ్ము లేచి నా నోట్లోనే పడింది. రెండోసారికి బంతి చెదపుట్టకు తగిలి నా కాళ్ళ దగ్గరికే తిరిగొచ్చింది.

“ఏంది, గిట్లనా కొట్టేది?” అని డిప్యూటీసారు నా యాసను సాగదీసి పగలబడి నవ్వాడు. పెద్దసారు నవ్వలేదు. కర్ర ఎలా పట్టుకోవాలో నా వేళ్ళు సర్ది చూపించాడు. డిప్యూటీసారు నవ్వు నాకు అర్థమైంది. ఈయన నవ్వకపోవడమే అంతుచిక్కలేదు.

మూడో గుంట దగ్గర మేకలు మేపుకుంటున్న ఒక అవ్వ మమ్మల్ని చూస్తూ నిలబడింది. వాళ్ళిద్దరూ ముందుకు సాగాక నన్ను ఆపి అడిగింది. “గీ ఆట కోసమేనా బిడ్డా మా భూములు తీస్కున్నది?”

“కాదవ్వా, నీళ్ళొస్తయి,” అన్నాను. నేను పొద్దుటినుంచీ పెద్దసారు వైపు ఎలా చూస్తున్నానో, ఆమె నావైపు అచ్చం అలాగే చూసింది.

అప్పటికే నేను ఇంకో సంగతి గమనించాను. పెద్దసారు బంతుల మీద గుర్తుకోసం ఎర్రచుక్క ఉంటుంది. ఆయన కొట్టిన బంతి కంపలోకి పోవడం నా కళ్ళారా చూసిన తర్వాత కూడా, డిప్యూటీసారు ముందుగా పరుగెత్తుకెళ్ళి, “ఇక్కడే ఉంది సార్, గట్టు మీద!” అని కేక వేసేవాడు. చూస్తే నిజంగానే గట్టు మీద ఉండేది. గురువూ శిష్యుడూ కలిసి ఆడుతున్న నాటకం ఇది, దీనికి సాక్షిగా ఒక కొత్తవాణ్ణి తెచ్చుకున్నారు అనుకున్నాను.

ఆరో గుంట వచ్చింది. పెద్దసారు బంతి వాగు దాటి కుడికి మళ్ళింది. నాది ఎలాగో దాటింది కానీ, అదీ అటే పోయింది. డిప్యూటీసారు సంచి కింద పడేసి వాగు మీది చిన్న వంతెన మీదుగా పరుగు తీశాడు. నేనూ వాగు దాటి, నా బంతి కోసం కంపలోకి ఇంకో పక్కనుంచి దూరాను. ముళ్ళు చొక్కాను పట్టి లాగుతుండగా వంగి చూస్తే, తుమ్మ మొదట్లో ఒక బంతి కనిపించింది. ఎర్రచుక్క ఉంది. సరిగ్గా అప్పుడే బయటినుంచి కేక వినిపించింది.

“దొరికింది సార్! గుట్ట మొదట్లోనే పడింది!”

బంతి తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. వాగులోకి విసిరేస్తే ఎవరికీ తెలియదు. ఇది నాకు పెట్టిన పరీక్షా? నోరు మూసుకుంటాడో లేదో చూడటానికే పిలిచారా? ఉద్యోగం, రేకుల ఇల్లు, బూట్లు వేసుకున్న నన్ను చూసి మురిసిపోయే మా యాడి, అదే మా అమ్మ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

“నీది దొరికిందా?” అని పెద్దసారు అడిగాడు.

“నాది దొరకలే సార్,” అన్నాను. “ఎర్రచుక్కది దొరికింది.”

డిప్యూటీసారు వెంటనే అందుకున్నాడు. “పాతదై ఉంటుంది సార్. ఎప్పుడో పోయింది.”

పెద్దసారు గుట్ట మొదట్లో ఉన్న బంతిని చూశాడు, నా చేతిలోదాన్ని చూశాడు.

“నా బంతి ఇక్కడ ఎప్పుడూ పోలేదు కదయ్యా,” అన్నాడు నెమ్మదిగా. “మరి పాతది ఎక్కణ్ణుంచి వచ్చింది?”

పెద్దసారు నా చేతిలోని బంతిని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టమని చెప్పి, తాను కంపలోకి దూరి ఆడాడు. చొక్కా చేయి చిరిగింది, మోచేతి మీద నెత్తురు కనిపించింది. బంతి తుమ్మకు తగిలి వెనక్కి వచ్చింది, మళ్ళీ కొడితే వాగులో పడింది. ప్యాంటు మడిచి తానే దిగి తెచ్చుకున్నాడు. సాయం చేయబోయిన డిప్యూటీసారును చేత్తోనే ఆపాడు. ఎన్ని దెబ్బలకు ఆ గుంట ముగించాడో గానీ, ముగించి చెమట తుడుచుకుంటున్నప్పుడు ఆ ముఖంలో కోపం లేదు.

తిరిగి వస్తుంటే నా పక్కన నడుస్తూ అన్నాడు. “ఇంత అదృష్టం ఎవరికుంటుందయ్యా? నాకూ అనుమానంగానే ఉండేది. ఆ రోజు మీటింగులో చూళ్ళేదన్నావు చూడు, అందుకే పిలిచాను.”

ఆ మాటకు పొంగిపోవాల్సింది. కానీ ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ పురుగు తొలవడం మొదలైంది. ఇన్నాళ్ళుగా ఆడుతున్న మనిషికి తన బంతి ఎటు పోయిందో తెలియదా? కొద్దిరోజులకే నా ఉద్యోగం ఖాయమైంది, ఆ వెంటనే కొత్తగూడ అడవిలో కంపెనీ చేస్తున్న ఒక చిన్న పనికి బదిలీ అయింది. బహుమానం ఏదో, శిక్ష ఏదో, ఏది ఎవరు ఇచ్చారో తెలియలేదు. డిప్యూటీసారు అక్కడే ఉన్నాడు, సంచి మోస్తూనే ఉన్నాడని విన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత మహబూబాబాదులో ఒక పెళ్ళిలో పెద్దసారు కనిపించాడు. తల పూర్తిగా నెరిసింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం, ఉండబట్టలేక ఆ ఎర్రచుక్క బంతుల సంగతి అడిగేశాను.

ఆయన విస్తరి వైపే చూస్తూ చెప్పాడు. “తెలుసో తెలియదో నేనెప్పుడూ తేల్చుకోలేదయ్యా. తేలితే ఆదివారాలు పాడైపోతాయని భయం.” బదిలీ సంగతి అడిగితే, “కొత్తగూడలో పని గట్టిగా చేశావని విన్నాను,” అని పెరుగు వడ్డించేవాణ్ణి పిలిచాడు. అంతే. ఇప్పుడు ఆయన లేడు.

ఆ కోర్సు మీద నీళ్ళు నిలిచాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఆరో గుంట గుట్ట మాత్రం తేలుతుంది, దాని మీద కొంగలు వాలతాయి. తర్వాత్తర్వాత నేనూ పెద్దసారునే అయ్యాను. నా కింద పనిచేసేవాళ్ళు బాగుంది సార్ అన్నప్పుడల్లా, మాట వినడం మాని వాళ్ళ ముఖాల్లోకి చూసేవాణ్ణి. కొందరు నిజంగానే మెచ్చుకుని ఉంటారు, వాళ్ళనూ నమ్మలేకపోయాను. రిటైరై జనగామలో స్థిరపడ్డాక నన్ను మెప్పించాల్సిన పని ఎవరికీ లేదు. మా వీధిలో నా చదరంగం ఎత్తు బాగాలేదంటే బాగాలేదని ముఖం మీదే అంటారు. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దీని కోసమే కదా అనుకుంటాను. అయినా ఒక్కోసారి సాయంత్రం పూట, నాతో అబద్ధమాడేంత అవసరం ఎవరికీ లేకుండా పోయిందే అని మనసు చివుక్కుమంటుంది.