సొంత బుర్రతో చేసిన పని

మొన్న మా మేనల్లుడు విశాఖ నుంచి వచ్చి, భోజనానికి కూర్చుంటూనే ఫోనులో ఏదో వీడియో పెట్టాడు. ఏ దేశంలోనో ఒక నాయకుణ్ణి కాల్చినవాడు తనంతట తాను కాల్చలేదట, ఎవరో వాడి మనసును వశం చేసుకుని కాల్పించారట. "సైన్సు మావయ్యా, నీకు తెల్దు" అన్నాడు. నాకు తెలియకపోవడమేమిటి? ఈ సైన్సు చోడవరంలో మా ఇంటి అరుగు మీద యాభై ఏళ్ల కిందటే పుట్టింది. అన్నం సయించక లేచిపోయాను.

అరవైల చివర, విదేశాల్లో నాయకుల్ని కాల్చి చంపుతున్న వార్తలు వచ్చే రోజుల్లో, మా చిన్నాన్న వాటిని పత్రికల్లోంచి కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచేవాడు. చంపినవాడికి చంపినట్టే గుర్తులేదని ఎక్కడో చదివాక, ఆయన దృష్టిలో ప్రపంచంలోని ప్రతి హత్యా హిప్నాటిజమే అయింది. అప్పటికే మా భూములు సగం జారిపోయాయి గాని, నాన్నగారు ఎదురైతే జనం ఇంకా సైకిళ్లు దిగేవారు. మాకు మిగిలింది ఆ మర్యాద ఒక్కటే, దాన్నే గట్టిగా పట్టుకున్నాం.

డెబ్బైల మొదట్లో నాన్నగారు పంచాయతీ ఎన్నికలకు నిలబడ్డారు. వడ్డాది సంతలో మాట్లాడి, నేను పక్కన ఉండగా బండి ఎక్కబోతుంటే మా బండివాడే, ఇరవై ఏళ్లు మా ఉప్పు తిన్నవాడే, చెరకు నరికే కత్తితో ఆయన భుజం మీద వేశాడు. ప్రాణం దక్కింది, చెయ్యి దక్కలేదు.

సాయంత్రానికే చిన్నాన్న తేల్చేశాడు: ఎదుటి పక్షంవాళ్లు కల్లులో మందు కలిపి, ఎవడో గారడీవాడి చేత వీడి బుర్ర తిప్పించారని. మా మనిషే మా మీద కత్తి ఎత్తాడనుకోవడం కంటే అది నయంగా తోచి మాకందరికీ ప్రాణం లేచివచ్చింది. ఆయన నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లి, ఏమీ గుర్తులేదని చెబితే శిక్ష తగ్గించే పూచీ తనదని వాడికి చెప్పాడు.

"మందూ లేదు, మాయా లేదు బాబూ. నా బుర్రతోనే ఏసేను. మా యమ్మ సచ్చిపోతే మీ గట్టు మీంచి పాడె ఎల్లనిచ్చేరా? మోకాల్లోతు నీల్లలో మోసుకెల్లేం. ఇప్పుడు నాకు బుర్రే నేదంతన్నారేటి?"

"చూశావురా, ఎలా పలికిస్తున్నారో!" అన్నాడు చిన్నాన్న, నా వైపు తిరిగి.

కోర్టులో నేను సాక్షిని. వాడు నిద్రలో నడిచేవాడిలా వచ్చాడని, చిన్నాన్న నేర్పినట్టే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. కత్తి ఎత్తేముందు వాడు నా కళ్లలోకి చూసి, "సినబాబూ, పక్కకి తప్పుకోండి" అన్నాడు. నేను తప్పుకున్నాను.

జడ్జీగారు మా కథ నమ్మలేదు, వాడికి శిక్ష పడింది. ఊరు మాత్రం నమ్మింది. ఆ పాడె సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడు జైల్లో పోయేదాకా, పోయాక కూడా, అందరికీ 'మందు తిన్నోడు' గానే మిగిలాడు.

ఆ గట్టు ఇప్పుడు తారురోడ్డు, పక్క చేను మాది కాదు. ఎవరి పాడె అయినా ఎవర్నీ అడక్కుండా పోతుంది. నన్ను చూసి ఇప్పుడు సైకిలు దిగేవారూ లేరు, దిగాలనీ లేదు. ఆ ఒక్క మాటా ఎవరికైనా అప్పగించి పోదామని మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను.

శ్రద్ధగానే విన్నాడు. "అయితే ఆ రోజు నిన్ను కూడా హిప్నటైజ్ చేసేరేమో మావయ్యా, లేపోతే నువ్వెందుకు తప్పుకుంటావు?" అన్నాడు.