కాలరు లోపలి ఎర్రదారం

వార్డులో రక్షణ కోసం వేసుకునే కొత్త గౌను సంచి చింపగానే వచ్చే ప్లాస్టిక్ వాసన ఇప్పటికీ నాకు పడదు. ఏ గౌను తీసినా ముందు కాలరు తిరగేసి లోపల చూస్తాను. కొత్త నర్సులు నవ్వుకుంటారు. పాపం, వాళ్ళకు మస్తానమ్మక్క తెలియదు.

కరోనా వచ్చిన ఏడు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ఆమె మా హెడ్ నర్సు. అంతకుముందు జమ్మలమడుగులో, ఫ్యాక్షన్ రోజుల్లో, నాటుబాంబు గాయాలకు కట్లు కట్టీ కట్టీ వయసు కరగదీసుకున్న మనిషి. ఏ గుడ్డ నెత్తురును ఆపుతుందో తడిమి చెప్పగలదు. అయినా తన చేతిని తాను నమ్మేది కాదు. గౌను చేతి చివర ముడేసి, లోపల నీళ్ళు పోసి, సెలైన్ స్టాండుకు వేలాడదీసి, కింద పేపరు పరిచేది. పేపరు తడిస్తే ఆ గౌను కాలరు లోపల ఎర్రదారంతో ఒక కుట్టు వేసేది. అలాంటిది వేసుకుని రోగులకు అన్నం పెట్టవచ్చు గానీ, ఊపిరి గొట్టం వేసే గదిలోకి మాత్రం పోకూడదు.

ఒక పొద్దున ఒక నాయకుడి మనుషులు ఆయన ఫొటో అంటించిన డబ్బాలతో గౌన్లు తెచ్చారు. అక్క వాళ్ళ ముందే ఒకదాన్ని వేలాడదీసింది. కుట్ల వెంట చుక్కలు కారి పేపరు తడిసిపోయింది.

"ఏందమ్మా, మా అన్న ఇచ్చినేటివి పరీచ్చ చేస్తాండావా? నువ్వు ఆ పార్టీ మనిషివా?" అన్నాడొకడు.

"నేను రెండు పార్టీలోల్లకూ కట్లు కట్టినదాన్ని నాయనా. కుట్లు కారుతాండాయి చూడు. కుట్ల మింద టేపు ఏసినేటివి తెచ్చియ్యి."

వాళ్ళు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. టేపు వేసినవి రానే లేదు.

ఆ మధ్యాహ్నమే ఒకాయనకు గొట్టం వేయాల్సి వచ్చింది. పాతవాటిలో మంచి గౌన్లు రెండే మిగిలాయి. ఒకటి డాక్టరుకిచ్చి, రెండోది అక్క నా చేతిలో పెట్టింది. ఇంట్లో నాకు ఐదు నెలల పాప.

"నీకో అక్కా?"

"నాది బీరువాలో దాచిపెట్టుకున్నా. బిడ్డ తల్లివి, బిరీన ఏసుకో."

నమ్మాను. ఆమె అబద్ధమాడుతుందని ఎలా అనుకుంటాను?

పనయ్యాక నేను ఆమె వీపు మీది ముడులు విప్పుతుంటే కాలరు తిరగబడింది. లోపల ఎర్రదారం. "అక్కా!" అని అరిచాను. గౌను కుట్లు ఉన్న చోటల్లా ఆమె లోపలి చొక్కా చేతులు తడిసి ఉన్నాయి.

"అరవగాకు పాపా. ఎవరో ఒకరు పోవల్ల గదా లోపలికి" అంది.

కొన్నాళ్ళకు ఆమెను అదే గదిలో పడుకోబెట్టారు. జబ్బు ఆ గౌను వల్లే అంటుకుందో, మరెక్కడ అంటుకుందో తెలియదు. ఆమెకు గొట్టం వేసేటప్పుడు పక్కన నిలబడింది నేనే. అక్క మళ్ళీ లేవలేదు. ఆమె మీద నాకు ఇంకా కోపమే.

ఇప్పుడు మా వార్డులో గౌన్లలో నీళ్ళు పోసి చూసేది నేనే. పేపరు తడిస్తే ఎర్రదారం వేయను. కత్తెర తీసుకుని ఆ గౌనును నిలువునా రెండుగా చీరేస్తాను.