మావయ్య పట్టు జారిన రోజు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, సింగపూర్‌లో టోవా పాయోలోని మా ఫ్లాట్ గుమ్మం దగ్గర మా చిన్న మావయ్య బూటు లేసు కట్టుకోలేక అవస్థ పడడం చూశాను. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు లేసు దాకా వెళ్తున్నాయి గానీ దాన్ని పట్టుకోవడం లేదు. ఏదో ప్రమాదం ఉందని నాకు మొదటిసారి అనిపించిన క్షణం అదే.

"ఈ లేసు కాస్త కట్టవే," అన్నాడు నవ్వుతూ. "సుమ్మా తిమ్మిరి, అంతే. మాకాన్ అయితే, కాస్త తిండి పడితే పోద్ది. అమ్మమ్మకి చెప్పావో, రేపు మ్యాచ్‌కి నిన్ను తీసుకుపోను."

నేను చెప్పలేదు.

మావయ్య కాలేజీ రగ్బీ జట్టులో ముందు వరుస ఆటగాడు. బంతి పట్టుకుని పరుగెత్తి పేరు తెచ్చుకునేవాళ్లు వేరే. స్క్రమ్‌లో రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది తలలు వంచి, భుజాలు ఆనించి తోసుకుంటారు. ఆ బరువంతా ముందు వరుసలో కుడి పక్కన ఉండే మావయ్య మెడ మీద పడేది. మూడేళ్లు ఆడినా కాలేజీ పత్రికలో అతని పేరు ఒక్కసారీ రాలేదు. "చదువుకోరా అని పంపిస్తే ఎద్దులా కుమ్ముకోవడం నేర్చాడు" అని అమ్మమ్మ తిట్టేది. తిడుతూనే పెద్ద ముక్కలన్నీ అతని కంచంలో వేసేది.

మర్నాడు ఫైనల్. అతను తప్పుకుంటే ఆ చోట నిలబడే శిక్షణ ఉన్నవాడు జట్టులో మరొకడు లేడు. అలాంటప్పుడు రిఫరీ తోపుడు లేకుండా స్క్రమ్ పెట్టిస్తాడు. మావాళ్ల బలమంతా తోపుడే. అందుకే ముందు వరుస వాళ్లు నొప్పి బయటికి చెప్పరు. అది వాళ్ల మర్యాదట. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండో సగంలో మావాళ్లే ముందున్నారు. స్క్రమ్ కుదురుకుంటోంది. మావయ్యకు ఎదురుగా తల ఆనించిన అవతలి జట్టు మలయ్ అన్న ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"స్టాప్, రెఫ్! హిస్ హ్యాండ్ కెనాట్ గ్రిప్ లా!"

మూడేళ్లుగా వాళ్లిద్దరూ ప్రత్యర్థులు. స్క్రమ్‌లో ఎదుటివాడి చొక్కాను వీపు దగ్గర బిగించి పట్టుకోవాలి. మావయ్య పట్టు ఎలా ఉంటుందో ఆ అన్న వీపుకు తెలుసు. మావయ్య లేచి అతని ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు. "గెలవలేక ఇవేం వేషాల్రా!" అని అచ్చ తెలుగులో తిట్టాడు. డాక్టర్ వచ్చి వేళ్లు నొక్కి చూసి మావయ్యను బయటికి పంపించేశారు. మావాళ్లు ఓడిపోయారు.

మెడలో డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని ఆసుపత్రిలో తేలింది. ఇంకొక్క గట్టి తోపు పడితే కాళ్లూ చేతులూ పడిపోయేవేమో అన్నారు. మావయ్య ఆట అక్కడితో సరి. మలయ్ అన్న వారం వారం వాళ్లమ్మ కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ అన్నం పట్టుకొచ్చేవాడు. మావయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాలుగో వారం తిన్నాడు గానీ మాట్లాడలేదు. "ఆ కప్పు మాదే" అని ఈ రోజుకీ అంటాడు. ఏం మనిషో!

ఒకసారి ఆసుపత్రి వరండాలో ఆ అన్నను ఎందుకు చెప్పావని అడిగాను.

"అదిక్," అన్నాడు, చెల్లీ అని పిలిచినట్టు. "ఓన్లీ ఐ కెన్ ఫీల్ వాట్. ఐ డోంట్ సే, హూ సే?"

తనొక్కడికే తెలిసిందనుకున్నాడు పాపం. నేను అక్కడి నుంచి వెళ్లిపోయాను.

ఇప్పుడు మేం పుంగ్గోల్‌లో ఉంటున్నాం. పదేళ్ల నా కొడుకు స్కూలు జట్టులో ముందు వరుసే. వద్దని మొత్తుకుంటే, "ఆడనీ, గట్టిపడతాడు" అంటారు వాళ్ల నాన్న. నిన్న సాయంత్రం చొక్కా విప్పబోతే వాడి చెయ్యి పైకి లేవలేదు. భుజం వాచి ఉంది.

"నథింగ్ లా మమ్మీ. శనివారం సెలెక్షన్."

ఏడేళ్ల వాడి చెల్లెలికి మూడు రోజులుగా తెలుసట. "అన్నయ్య సెడ్ డోంట్ టెల్," అంది.

క్లినిక్‌లో బెణుకని చెప్పి, మూడు వారాలు ఆట వద్దన్నారు. వాడు నాతో మాట్లాడడం మానేశాడు. నేను గొంతు పోయేదాకా ఇద్దరి మీదా అరిచాను. వాళ్లు పడుకున్నాక సిగ్గేసింది. ఏ మొహం పెట్టుకుని ఆ పిల్ల మీద అరిచాను?

ఈ పొద్దున బడికి వెళ్లేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, మా అమ్మకు కూడా ఇన్నేళ్లుగా చెప్పనిది చెప్పాను. "చిన్న తాతకి చెయ్యి బాగాలేదని ముందు రోజే నాకు తెలుసు. మ్యాచ్ చూడాలని నోరు మూసుకున్నాను. ఆయన్ని కాపాడింది ఆయన తిట్టిన మనిషి, నేను కాదు. మీలో ఒకరి నొప్పి ఇంకొకరికి తెలిస్తే, ఎంత బతిమాలినా దాచకండి, నాకు చెప్పండి. కోపం వస్తే రానీ. కోప్పడడానికైనా ముందు మనిషి ఉండాలి కదా."