నడిమి ముక్క

మా ల్యాబ్‌లో నాకు సీనియర్ అయిన మేడంగారు పోయిన వారం నిద్రలోనే కన్నుమూశారు. తాడేపల్లిగూడెంలో రైలెక్కుతుండగా ఫోనొచ్చింది. సీట్లు ఖాళీగా ఉన్నా ఏలూరు దాకా నిలబడే ఉన్నాను. ఆవిడ గురించి రాసే ముందు ఒక మాట చెప్పేయాలి. ఆవిడంటే నాకు అసూయ. మనిషి పోయినా అది పోలేదు.

మా పని సీజియం ఉప్పును శుద్ధి చెయ్యడం. క్వార్ట్జ్ గొట్టంలో ఉప్పు పోసి, గాలంతా పంపుతో లాగేసి, ఫర్నేసులో వేడి చేస్తాం. ఉప్పు ఆవిరై, గొట్టంలో చల్లగా ఉన్నచోట మళ్లీ పేరుకుంటుంది. తేలిగ్గా ఎగిరే మలినాలు కొసకు పోతాయి, మొండివి మొదట్లోనే మిగిలిపోతాయి. నడుమ పేరుకున్న తెల్లటి భాగమే పనికొస్తుంది. రేడియేషన్ కనిపెట్టే స్ఫటికాలు పెంచేవాళ్లకు ఇద్దరం దాన్ని చెరో సీసాలో పంపేవాళ్లం. వాళ్లు ఎప్పుడూ ఆవిడ సీసానే ఉంచుకునేవారు. ఒక్కసారైనా నా పేరున్న సీసా నెగ్గాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

పోనీ కిటుకు దాచుకున్నారా అంటే అదీ లేదు. దాచుకునుంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

"ముందు తడి ఆరనివ్వండమ్మా. కొల్లేటి గాలి పీల్చిన ఉప్పండి ఇది, తొందరపెడితే అలుగుద్ది" అనేవారు.

సన్నసెగ మీద పెట్టి ఊరుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఆవిడ మాత్రం స్టూలు మీద కూర్చుని, తడంతా పోయి పంపు గేజిలో ముల్లు దిగేదాకా కదిలేవారు కాదు. మండవల్లి చేపల చెరువుల దగ్గర పెరిగిన మనిషి. ఆ ఓపిక నేనెక్కడ తెచ్చుకోను?

మధ్యాహ్నం క్యారేజీలో చేపల పులుసు ఉండేది. తల, తోక తను వేసుకుని నడిమి ముక్క నాకు వేసేవారు.

"మీరు తినండి మేడం."

"నాకు తోకే ఇష్టమండీ."

ముళ్ల తోక ఎవరికిష్టం? ఆ మంచితనానికి కూడా కుళ్లుకున్నాను. ముక్క మాత్రం ఏనాడూ వదల్లేదు.

గొట్టం తెరిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. "మన ఊపిరిలో తడి చాలండీ, దీన్ని పాడుచెయ్యడానికి" అనేవారు.

ఆవిడ చివరిసారి పెట్టిన గొట్టం ఫర్నేసులోనే చల్లారి ఉంది. అంత్యక్రియలయ్యాక మా హెచ్ఓడీగారు పిలిచారు. "మీరే తెరవండమ్మా. లేబుల్ మీద మీ పేరు రాసి పంపెయ్యండి. ఇకమీదట మీరే కదండీ చూసుకోవాల్సింది."

ఇన్నేళ్లూ నేను కోరుకున్నది అదే. గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, ఎక్కడైనా మలినం మిగిలిన పసుపు చార ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండుననిపించింది. లేదు. ఒళ్లు మండింది.

లేబుల్ మీద ఆవిడ పేరే రాశాను. పెద్దమనసుతో కాదు. అంత తెల్లగా నేను తీసిన రోజున నా పేరు రాసుకుంటాను.

తెరవబోతే కళ్లు నిండాయి. గబుక్కున గొట్టం పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకుని ఏడ్చాను. ఒక్క చుక్క దాని మీద పడినా ఆవిడ ఊరుకోరు. తర్వాత ఆవిడ స్టూలు మీద కూర్చుని, తడి ఆరేదాకా ఆగాను.