మైదా జిగురు, మట్టి వేలు

మొన్న చిరిగిన పుస్తకం అంటించటానికి మైదా జిగురు ఉడకబెట్టాను. ఆ వాసనకి ఇన్నేళ్ళ తర్వాత కూడా మనసు నిలవలేదు. పొయ్యి ఆపి వాకిట్లోకీ ఇంట్లోకీ నాలుగుసార్లు తిరిగాను. జగ్గయ్యపేట లైబ్రరీలో సుగుణమ్మగారు ఆ జిగురుతోనే పాత పుస్తకాలు బాగుచేసేవారు.

డెబ్బైలలో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఉద్యోగ ప్రకటనల కోసం రోజూ అక్కడికి వెళ్ళేదాన్ని. నాలాంటివాళ్ళం ఏడెనిమిది మందిమి. విజయవాడ బస్సు వస్తేగానీ పేపరు రాదు. అందాకా గుమ్మంలోకీ రోడ్డుమీదికీ తిరుగుతుంటే, లైబ్రేరియన్ సుగుణమ్మగారికి విసుగొచ్చింది. "కాలుకాలిన పిల్లుల్లా తిరిగేబదులు, వెనక రాళ్ళన్నా ఏరండర్రా" అన్నారు. అలా మొదలైంది తోట. బెండ, గోంగూర, చిక్కుడు వేశాం. ఏ మడీ ఎవరి సొంతమూ కాదు. ఎండింది ఎవరి కంటపడితే వాళ్ళు నీళ్ళు పోయాలి, కాసింది లైబ్రరీకి వచ్చినవాళ్ళు ఎవరైనా కోసుకోవచ్చు. నేను పెట్టిన చిక్కుడు గింజని మూడోరోజే తవ్వి చూశాను. "బతికున్నదాన్ని చంపావు కదే" అన్నారావిడ.

ఒకరోజు పేపరు ముందు నా చేతికొచ్చింది. నందిగామలో ఒక స్కూలుకి టీచరు కావాలి, ఒక్కరే. నాతో నీళ్ళు తోడే రాహేలుకి నాకన్నా మంచి మార్కులు. ఆ ప్రకటన ముక్క చింపి జాకెట్లో దోపుకున్నాను. సుగుణమ్మగారు చిరుగు చూశారు. జిగురు గిన్నె బల్లమీద పెట్టి, అందరినీ తోటలోకి పిలిచి పాదులు తవ్వమన్నారు.

"ఒక్కొక్కరే లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. ముక్క ఎవరి దగ్గరుంటే వాళ్ళు అంటించండి. ఎవరని నేనడగను."

నా వంతు ఐదోది. అందాకా ఒక్కచోట నిలవలేకపోయాను. మాట్లాడకుండా ఉంటే ఉద్యోగం నాదే. "ఎవరై ఉంటారే?" అంది రాహేలు. "నాకేం తెలుసు" అన్నా. లోపలికెళ్ళి ముక్క అంటించాను. అంచున నా బొటనవేలి మట్టి ముద్ర పడింది. అదృష్టం, ఆ రోజు అందరి చేతులకీ మట్టే.

ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఉద్యోగం రాహేలుకే వచ్చింది. "ఆ ముక్క దొరక్కపోతే నా గతేంటో. నేను పెట్టిన చిక్కుడుపాదు కాస్త చూస్తావా?" అని అడిగి వెళ్ళింది. నాకు సుగుణమ్మగారి మీద ఒళ్ళు మండింది. వారంరోజులు అటు పోలేదు. తర్వాత ఇంట్లో కాలు నిలవక వెళితే, ఆ పాదు వాడిపోయి ఉంది. రెండు బిందెలు తోడి పోశాను. వెనకనుంచి సుగుణమ్మగారి గొంతు వినిపించింది.

"పేపరొచ్చింది శారదా. ఈసారి బొటనవేలు కడుక్కుని రా."

తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది. రాహేలుకి మాత్రం ఆ సంగతి ఎన్నడూ చెప్పలేకపోయాను. ఇప్పటికీ పేపరు తెరిచేముందు బొటనవేలు చూసుకుంటాను.