చదివానని చెప్పిన పేజీ

గ్రంథాలయం వెనక గదిలో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. ఆ గదికి ఆయన పదమూడేళ్ళపాటు పెద్దదిక్కు. రిజిస్టర్లో ఉద్యోగం పేరు ఏదో ఉండేది గానీ, జనం నోట మాత్రం ఆయన తుడుపు మాస్టారు. ఎవరైనా కుర్చీలోంచి లేచారంటే చాలు, ఆయన వెళ్ళి నిలబడే వంగి, మూడు మీటలు ఒకేసారి నొక్కేవారు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకునేది. అందులో ఉన్న గళ్ళన్నిటికీ టిక్కులు పెట్టి, ఎప్పటినుంచి అన్నచోట "మొదటినుంచీ" అని ఎంచుకుని, చెరిపేసేవారు. చూసిన పేజీల జాబితా, గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు, ఏవీ ఉండేవి కావు. రెండు నిమిషాల కిందట అక్కడ కూర్చున్న మనిషి ఆనవాలు మిగిలేది కాదు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. మొదటి ఏడాదిలో ఒకావిడ తన మెయిల్ మూయకుండా లేచి వెళ్ళిపోయింది. తర్వాత కూర్చున్నవాడు ఆమె ఉత్తరాలన్నీ తీరిగ్గా చదివి, ఆమె విడాకుల సంగతి వీధంతా చాటాడు. ఆవిడ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పట్నుంచి మాస్టారు ఎవరి జాగ్రత్తనూ నమ్మలేదు. అందరి తరఫునా తనే తుడిచేవారు.

వారానికి రెండు రోజులు పెద్దవాళ్ళకి పాఠం చెప్పేవారు. ముందు వరసలో రిటైరైన బస్సు కండక్టర్ కూర్చునేవాడు. ఆయనకి సందేహాలు ఎక్కువ.

"బ్రౌజర్ అంటే ఇంటర్నెట్టే కదండీ మాస్టారూ?"

"మీ బస్సే ఊరా?"

"అదెలా అవుతుంది? బస్సు ఊరికి తీసుకెళ్తుంది."

"ఇదీ అంతే. బ్రౌజర్ బస్సు. పైన మీరు రాసే అడ్రసు బస్సు బోర్డు. ఇదిగో ఈ ట్యాబులు ఒక్కోటీ ఒక్కో బస్సు. మీరు తొమ్మిది బస్సులు ఒకేసారి ఎక్కి, ఏదీ కదలట్లేదని గోల పెడుతున్నారు."

"మరి కుకీలంటే?"

"మొన్న మీరు ఎక్కడ దిగారో కండక్టర్ రాసి పెట్టుకున్న చీటీ. మళ్ళీ ఎక్కినప్పుడు అడక్కుండానే టిక్కెట్టు కొడతాడు."

"అంత బుద్ధిమంతుడైన కండక్టర్‌ని నా సర్వీసులో చూళ్ళేదు లెండి. ఇంకోటి. ఆ ప్రైవేటు విండోలో చూస్తే ఎవరికీ తెలీదటగా?"

"మీ ఆవిడకి తెలీదు. బస్సుకీ ఊరికీ తెలుస్తూనే ఉంటుంది."

గది గదంతా నవ్వేది. చివర్లో మాత్రం మాస్టారు గొంతు సవరించుకుని ఒకే మాట చెప్పేవారు: "ఏదైనా నొక్కేముందు అక్కడేం రాసుందో చదవండి. తెర మీద వచ్చే చిన్న అక్షరాలన్నీ మన కోసమే రాసినవి."

ఆయన పాఠానికి రానిది ఒక్క వాళ్ళక్కే. నలభై ఏళ్ళు జాకెట్లు, గౌన్లు కుట్టిన మనిషి. చూపు తగ్గి మిషను మూసేశాక, తమ్ముడు ఇచ్చిన పాత కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. "నీ పాఠానికొస్తే నలుగురిలో నన్నూ తిడతావు. ఇంట్లో అయితే నేనూ నిన్ను తిట్టొచ్చు," అనేది.

వాళ్ళమ్మ పోయేనాటికి అక్కకి పదకొండేళ్ళు, ఆయనకి రెండు. అమ్మ ముఖం, గొంతు, నడక, ఏదీ ఆయనకి గుర్తులేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో ఆమె తల కదిపిందేమో, ముఖం అలుక్కుపోయింది. తండ్రి ఆ ఊసే ఎత్తేవాడు కాదు. చిన్నప్పుడు అక్కని అడిగితే "పెద్దయ్యాక చెప్తాలే" అనేది. ఆయన పెద్దయ్యారు, పెళ్ళయింది, జుట్టు నెరిసింది. అడగడం మానేశారు. యాభై ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం, ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నప్పుడు, ఎందుకో మళ్ళీ అడిగారు.

అక్క తల అడ్డంగా ఊపింది. తర్వాత, "నోటితో చెప్తే నాకు ఏడుపొస్తుందిరా. నువ్వూ ఏడుస్తావు. ఇద్దరం కూర్చుని ఏడవడం తప్ప పని జరగదు. రాస్తా," అంది. "కానీ పాస్‌వర్డ్‌లూ అవీ పెట్టకు. నాకు గుర్తుండి చావవు."

ఆయనే వెతికి ఒక పేజీ పెట్టి ఇచ్చారు. ఖాతా తెరవక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు. తెరిస్తే తెల్లటి పేజీ. రాసుకుంటూ పోవడమే. మూసి మర్నాడు తెరిచినా రాసింది రాసినట్టే ఉంటుంది. పేజీ అడుగున చిన్న అక్షరాలు: మీ రాత ఈ బ్రౌజర్‌లోనే ఉంటుంది, మా దగ్గర ఉండదు. ఆయన అది చదివారు. "అప్పుడప్పుడూ ఫైలుగా దించి పెడతాలే అక్కా, ఆదివారం వచ్చినప్పుడు," అన్నారు. ఆదివారాలు చాలా వచ్చాయి. వచ్చినప్పుడల్లా కబుర్లే సరిపోయేవి.

"ఎంతవరకు వచ్చింది?" అని అడిగేవారు ఆయన.

"తొంగిచూశావంటే కాళ్ళు విరగ్గొడతా. అయిపోయాక చదువు."

పదకొండు నెలలు రాసింది. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బు బయటపడి మంచాన పడింది.

ఆ రోజు శనివారం. ఆసుపత్రివాళ్ళు రిపోర్టులు తమ పేజీలో పెట్టామన్నారు. అక్క మంచం మీద ఉంది. మాస్టారు పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. రిపోర్టుల పేజీ తెరుచుకోలేదు. మళ్ళీ మళ్ళీ పాత పేజీనే చూపించింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలీదు. ఆ ఒక్క సైటు తాలూకు కుకీలు తీసేస్తే చాలు. తన పాఠంలో ఆయన అలాగే చెప్పేవారు. కానీ చేతికి ఆ పాఠం తెలీదు. దానికి పదమూడేళ్ళ అలవాటు మాత్రమే తెలుసు. మూడు మీటలు నొక్కింది, గళ్ళన్నిటికీ టిక్కులు పెట్టింది, మొదటినుంచీ అంది, చెరిపేసింది. ఆ తర్వాత బ్రౌజర్‌ని ఒకసారి మూసి తెరిచింది.

రిపోర్టులు ఠక్కున తెరుచుకున్నాయి. పక్కనే అక్క ఎప్పుడూ తెరిచి ఉంచే ట్యాబు ఉంది. ఆయన దాని మీద నొక్కారు. తెల్లటి పేజీ వచ్చింది. పైన బూడిదరంగులో "ఇక్కడ రాయండి" అని ఉంది.

ఆయన వెనక్కి వెళ్ళే బాణం నొక్కారు. పేజీ అడుగుదాకా జరిపి చూశారు. అన్నీ తెలిసిన మనిషి, ఏమీ తెలీని మనిషిలా ఆ పేజీ నాలుగు మూలలా వెతికారు. మూసి తెరవకుండా ఉండుంటే ఆ ట్యాబులో రాత ఇంకా కనిపిస్తూనే ఉండేదని, అప్పుడే కాపీ చేసుకుని ఉండొచ్చని, అక్కడ కూర్చునే ఆయనకి తట్టింది. మంగళవారం, తెలిసిన రిపేరు మెకానిక్‌కి ఆ కంప్యూటర్ చూపించారు. అతను ఒక పూటంతా పెట్టుకుని, "మాస్టారూ, మీకు తెలీనిదేముంది," అని తిరిగిచ్చేశాడు.

కానీ అంతకుముందే, ఆ శనివారమే, పక్కగదిలోంచి అక్క పిలిచింది.

"వచ్చాయారా రిపోర్టులు?"

"వచ్చాయక్కా."

"సరేలే, అందులో ఏముంటుందో నాకు తెలుసు. ఇక నేను కూర్చోలేను. రాసిందేదో రాశాను. నువ్వు చదువుకో."

ఆయన గుమ్మంలో నిలబడి తలుపు చెక్క పట్టుకున్నారు. చెప్పాలనే వచ్చారు. "చదువుతాను," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళగానే ఆమె అడిగింది. "చదివావా?"

"చదివాను."

ఆ ఒక్క ముక్కతో దారి మూసుకుపోయింది.

"గొడుగు సంగతి చదివి నవ్వావా లేదా?"

"నవ్వాను."

"నాకు తెలుసు నవ్వుతావని. అమ్మకి చెప్తే సిగ్గుపడేది." కళ్ళు మూసుకుని ఆమె కూడా నవ్వింది, దగ్గొచ్చేదాకా.

అక్క ఆ తర్వాత ఇరవై రెండు రోజులు బతికింది. ఆయన సెలవు పెట్టి రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చునేవారు. ఆమె రోజూ ఏదో ఒకటి అడిగేది. ఎర్ర మేడలో ముసలాయన గురించి రాసింది మరీ ఎక్కువైందా అని. అమ్మ పాడే పాటలో రెండో చరణం తనకి గుర్తురాలేదని, అందుకే చుక్కలు పెట్టి వదిలేశానని. ఆయన "బాగానే ఉందక్కా," అనేవారు, "పర్లేదక్కా," అనేవారు. ఒక్కో ప్రశ్నా ఒక్కో తలుపులా వచ్చేది. "ఏదీ, ఆ ముక్క నీ నోటితో ఇంకోసారి చెప్పు," అన్నా సరిపోయేది. ఆ మాట కూడా ఆయనకి నోటిదాకా వచ్చి ఆగిపోయేది. కొత్తగా విన్నట్టు తన మొహం పట్టిచ్చేస్తుందేమో అన్న భయం.

ఒక రోజు గట్టిగా అనుకుని వెళ్ళారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "అక్కా, నీకో సంగతి చెప్పాలి," అన్నారు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "నేనే చెప్తా ముందు. చివర్లో రాశానే, అమ్మ పోయే రోజు పొద్దున నీ గురించి అన్న మాట. అది నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నువ్వు బాధపడతావని యాభై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నా. నువ్వు చదివావని తెలిశాక ప్రాణం తేలికపడిందిరా నాన్నా. బాధపడ్డావా?"

ఆయన తల వంచుకున్నారు. ఆమె అది బాధే అనుకుంది. చెయ్యి నిమిరింది.

"ఇంతకీ నువ్వేం చెప్పాలన్నావు?"

"ఏం లేదక్కా. మందు వేళయింది."

ఆ రోజు నుంచి తొమ్మిదో రోజుకి ఆమె పోయింది.

అన్నీ అయ్యాక, ఒక ఉదయం, మేనకోడలు వాళ్ళమ్మ గది సర్దుతోంది. ఉద్యోగం వేరే ఊళ్ళో, మర్నాడు తిరుగు ప్రయాణం. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని మందుల సీసాలు ఒక సంచిలో వేస్తున్నారు.

"మామయ్యా, అమ్మ నీకేదో రాసిందటగా అమ్మమ్మ గురించి. ఫోన్లో ఒకటే చెప్పేది, మామయ్య చదివేశాడు, మామయ్యకి నచ్చింది అని. నాకూ పంపవూ? నాకు అమ్మమ్మ పేరు తప్ప ఇంకేం తెలీదు."

ఆయన సంచి మూతి ముడివేశారు, విప్పారు. "లేదమ్మా. చెరిపేశాను."

"అంటే?"

"చదవకముందే. రిపోర్టుల కోసం అన్నీ తుడిచేశాను. అందులో అదీ పోయింది."

ఆ పిల్ల చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. "మరి అమ్మకి చెప్పావా?"

"చదివానని చెప్పాను."

"పోవడానికి ఎన్ని రోజుల ముందు?"

"ఇరవై రెండు."

ఆమె మంచం అంచున కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. "చెప్పుంటే ఏడ్చుకుంటూనైనా నోటితో చెప్పేదిగా మామయ్యా. చివరి వారం దాకా అమ్మ మాట బాగానే ఉంది."

"ఉంది."

"నీకేమైనా తెలుసా అందులో ఏముందో?"

ఆయన తెలిసినవన్నీ చెప్పారు. ఒక గొడుగు ఉంది. ఎర్ర మేడలో ఒక ముసలాయన ఉన్నాడు. ఒక పాట ఉంది, దాని రెండో చరణం అక్కకీ గుర్తులేదు. అమ్మ పోయే రోజు పొద్దున ఆయన గురించి ఒక మాట అంది.

"గొడుగు ఎవరిది? అమ్మమ్మదా, తాతయ్యదా?"

"తెలీదు. నవ్వొచ్చే సంగతని మాత్రం తెలుసు."

"నీ గురించి ఏమందట?"

"అదీ తెలీదమ్మా. వింటే బాధపడతానని అక్క అనుకుంది."

కిటికీలోంచి వీధి చప్పుడు వినిపిస్తోంది. ఆ పిల్ల లేచి, మంచం మీది దుప్పటి లాగి విదిలించింది.

"ఆ కొస పట్టుకో మామయ్యా," అంది. ఆయన లేచి పట్టుకున్నారు.