తంబాకు చేతులు, చాయ్ బిస్కెట్లు

తొంభైల నాటి సంగతి. నిజామాబాద్‌లో మా ఇంటి అరుగు మీద అవ్వ, అమ్మ, నేను బీడీలు చుట్టేవాళ్లం. తంబాకు చేతులతో తింటే నోరంతా చేదు. అందుకే ఏదైనా తినాలంటే ఒకరు చేతులు కడుక్కుని మిగతావాళ్ల నోట్లో పెట్టేవారు.

ఒక శనివారం అలా పెట్టింది మా వదిన. మేడ మీద అద్దెకున్న హైదరాబాదు వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ మెట్ల మీద వదిలేసిన డబ్బాలో ఆమెకు బిస్కెట్లు దొరికాయి. చాయ్‌లో ముంచి పెట్టింది. నమిలితే ఇసుకలా ఉంది. ఎండుచేపల కంపు అంగిలికి అతుక్కుంది.

"ఇదేం బిస్కెటే, నీసు కొడుతున్నది" అంది అవ్వ. శనివారం ఆమె నీసు ముట్టేది కాదు.

అంతలో తాళంచెవి ఇవ్వడానికి మేడమీది ఆంటీ దిగివచ్చింది. డబ్బా చూసి, "అయ్యో, అవి మా కుక్కవండీ. ఎముకల పొడి కలుపుతారు" అంది.

అమ్మకు అక్కడే వాంతయింది. అవ్వ తంబాకు వేలే గొంతులో పెట్టుకుని కక్కింది.

"శనివారం పూట నా నోట్ల బొక్కల పిండి పెడ్తివి గదనే" అంది వదినతో.

మిగిలినవి వీధికుక్కకు వేస్తే వాసన చూసి వెళ్లిపోయింది.

అవ్వ బతికున్నన్నాళ్లు మళ్లీ ఎవరి చేతా తినిపించుకోలేదు. చేదైనా తన వేళ్లతోనే తినేది. ఇప్పుడు నేనూ అంతే.